అదనెరిగిన నిప్పురవ్వ

మా తాతయ్యగారి దస్తూరి ముత్యాల్లా వుండేది. ఆయన గుడివాడలో ప్లీడరు. హాస్టల్లో వుండి చదువుకుంటున్న మా నాన్నగారికి ఆయన వారం వారం రాసిన వుత్తరాలు ఇప్పటికీ మా ఇంట్లో ఒక రేకు పెట్టెలో వున్నాయి. వాటిని వరసగా చదువుకుంటూ పోతే 1971 వేసవి దగ్గర గతుక్కుమంటాము. అంతవరకు బారులు తీరి నడిచిన అక్షరాలు అక్కడినుంచి తూలుతూ, ఒకదానిమీద ఒకటి పడుతూ నడుస్తాయి. ఆ తరువాత ఆయన ఇరవై ఏళ్ళు బ్రతికారు గాని, పాత దస్తూరి మాత్రం తిరిగి రాలేదు.

కారణం జబ్బు కాదు, వయసూ కాదు. మా అంబాసిడర్ కారు!

ఆ రోజుల్లో కారు కావాలంటే డబ్బు కట్టి ఏళ్ళ తరబడి కాచుకోవలసి వచ్చేది. అలా కాచుకుని తాతయ్యగారు 1967లో కొన్న కారు అది. బాటరీ నీరసించి సెల్ఫు పలకనప్పుడు ముందువైపు నుంచి ఇనుప హాండిలు దూర్చి చేత్తో ఇంజను తిప్పడం అప్పట్లో అందరూ చేసే పనే. ఆ ముందు రోజే ఒక షెడ్డులో ఎవరో, బండికి లాగుడు పెరుగుతుందని చెప్పి, డిస్ట్రిబ్యూటరును కాస్త పక్కకు తిప్పి బిగించారట. మర్నాడు ఉదయం తాతయ్యగారు హాండిలు పట్టి తిప్పబోయారు. ఇంజను ముందుకు తిరగడానికి బదులు ఫెడీమని వెనక్కు తన్నింది. కుడి మణికట్టు విరిగింది. ఎముక అతికింది గాని చేతికి పాత పట్టు రాలేదు. మా అమ్మ కోడలుగా ఆ ఇంటికి వచ్చిన నాటినుంచి, ఆయన చెప్తూ వుంటే ఆవిడే వుత్తరాలు రాసేది.

ఇన్నేళ్ళ తరువాత నాన్నగారికి ఆ కారు మీద మనసు పోయింది. విజయవాడలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో దుమ్ము కొట్టుకుపోతున్న దానిని బయటికి తీయించి, ఇంజను దింపించి, ఆటోనగర్‌కు పంపి సిలిండర్లు బోరు చేయించారు. కొత్త పిస్టన్లు, కొత్త రింగులు, కొత్త బేరింగులు వేయించారు. ఇంజను తిరిగి వచ్చి కారులో కూర్చున్నది. అందులో అమ్మను ఎక్కించుకుని గుడివాడ వెళ్ళి రావాలని ఆయన కోరిక.

“మళ్ళీ ఎవరి చెయ్యి విరగ్గొడతారు?” అన్నది అమ్మ.

“ఇప్పుడు హాండిలుతో పనేమిటి? సెల్ఫు వుందిగా!” అన్నారు నాన్నగారు.

“సెల్ఫు అప్పుడూ వుంది” అన్నది అమ్మ. ఆ మాటకు ఎవరి దగ్గరా జవాబు లేదు.

నేను హైస్కూల్లో సైన్సు చెప్తాను. ఏ పనిలో తప్పు జరిగి తాతయ్యగారి చెయ్యి విరిగిందో, ఆ పనిని ఈసారి దగ్గరుండి నేర్చుకుని, నా చేత్తో చేసి, అమ్మకు హామీ ఇస్తానని మాట ఇచ్చాను. ఇంజనుకు నిప్పు అందించే సరంజామా బిగించడమే ఆ పని.

ఉయ్యాల వూపినట్లు

ఇంజనులో ప్రతి పిస్టనుకూ నాలుగు అడుగుల నడక వున్నది. కిందికి దిగుతూ పెట్రోలు కలిసిన గాలిని పీలుస్తుంది. పైకి వస్తూ దానిని నొక్కుతుంది. నొక్కుకుపోయిన ఆ గాలికి నిప్పు తగిలి మండితే, ఆ వేడికి వాయువులు వుబ్బి పిస్టనును కిందికి నెడతాయి. మళ్ళీ పైకి వస్తూ పొగను బయటికి తోలేస్తుంది. పీల్చు, నొక్కు, నెట్టు, తోలు — మా పిల్లలు దీనిని ఎక్కంలా అప్పచెప్తారు. ఈ నాలుగు అడుగులూ పూర్తి కావడానికి ఇంజను రెండు చుట్లు తిరగాలి. నిప్పు పడవలసింది మాత్రం ఒక్కసారే. నొక్కడం ముగిసి, నెట్టడం మొదలయ్యే చోట.

అయితే పెట్రోలు గాలి అంతా ఒక్క రెప్పపాటున భగ్గుమనదు. ప్లగ్గు దగ్గర అంటుకున్న మంట నాలుగు పక్కలా పాకడానికి కొంచెం వ్యవధి కావాలి. అందుచేత పిస్టను పైకొసకు చేరడానికి కొన్ని డిగ్రీల ముందే నిప్పు వెయ్యాలి. ఎంత ముందు అన్నది ఇంజనును బట్టి వుంటుంది. కంపెనీవారి పుస్తకంలో ఆ అంకె రాసి వుంటుంది.

ఉయ్యాల వూపిన వారందరికీ ఈ సూత్రం తెలిసినదే. ఉయ్యాల మన వైపు వచ్చి, ఆగి, వెనక్కు మళ్ళే క్షణంలో నెడితే చిటికెనవేలు చాలు. ఇంకా మన మీదికి వస్తూ వుండగానే నెట్టబోయామా, మన చేతికే దెబ్బ. అది వెళ్ళిపోయాక నెట్టామా, గాలిని నెట్టినట్లే. సేద్యగాళ్ళు దీనినే అదను అంటారు. అదనులో పడిన ఒక్క వాన, అదను తప్పిన పది వానల పెట్టు.

తాతయ్యగారి విషయంలో జరిగింది ఇదే. డిస్ట్రిబ్యూటరును ఎక్కువగా తిప్పడం వల్ల నిప్పు మరీ ముందుగా పడింది. ఇంజను జోరుగా తిరుగుతున్నప్పుడైతే ఆ వూపులో ఎలాగో గట్టెక్కేది. చేత్తో నెమ్మదిగా తిప్పుతున్నప్పుడు ఆ వూపు వుండదు గదా! సగం పైకి వచ్చిన పిస్టనును మంట వెనక్కు నెట్టేసింది. దానితోపాటు హాండిలు, హాండిలుతోపాటు చెయ్యి. పైగా ఆయన బొటనవేలిని హాండిలు చుట్టూ వేసి పిడికిలి బిగించారట. హాండిలు తిప్పేవారు బొటనవేలిని మిగతా నాలుగు వేళ్ళ పక్కనే వుంచుకోవాలి. కిందినుంచి పైకి లాగాలే గాని పైనుంచి కిందికి నొక్కరాదు. అప్పుడు ఇంజను వెనక్కు తన్నినా హాండిలు చేతిలోంచి జారిపోతుంది.

పన్నెండు నుంచి వేలకు

మా కారు మేస్త్రీగారికి డెబ్భై దాటాయి. ఆయన మనమడు లాప్‌టాప్ తగిలించి కొత్త కార్ల జబ్బులు చెప్తాడు. కొత్త కార్లలో పాయింట్లూ లేవు, డిస్ట్రిబ్యూటరూ లేదు. ఇంజను ఏ క్షణాన ఎక్కడ వున్నదీ ఒక సెన్సారు చూస్తూ వుంటుంది. నిప్పు ఎప్పుడు వెయ్యాలో చిన్న కంప్యూటరు లెక్క కడుతుంది. మా పాత అంబాసిడర్‌లో ఆ లెక్క కట్టేవి స్ప్రింగులూ, పళ్ళచక్రాలూ.

“ముందు కరెంటు ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతుందో చెప్పండమ్మాయిగారూ! ఆ తరువాతే స్పానరు పట్టుకుందురు గాని” అన్నారు మేస్త్రీగారు. పరీక్ష పెట్టడం నా వృత్తి. పరీక్ష రాయడం అలవాటు తప్పింది. అయినా చెప్పాను.

బాటరీలో వున్నది 12 వోల్టులు. ఆ కాస్త బలంతో కరెంటు ప్లగ్గు కొనల మధ్య సందును దూకలేదు. నొక్కుకుపోయిన గాలిలో దూకాలంటే వేల వోల్టులు కావాలి. ఆ పని కాయిలుది. దానిలో ఇనుప రేకుల చుట్టూ లావు తీగ కొన్ని వందల చుట్లు, వెంట్రుక లాంటి సన్న తీగ కొన్ని వేల చుట్లు చుట్టి వుంటాయి. లావు తీగలో కరెంటు పారుతూ వుంటే ఇనుము అయస్కాంతం అవుతుంది. ఆ కరెంటును ఠక్కున ఆపేస్తే అయస్కాంత శక్తి కూలిపోతుంది. ఆ కూలడంలో సన్న తీగలో వేల వోల్టులు పుట్టుకొస్తాయి. మైకేల్ ఫారడే 1831లో కనిపెట్టిన సూత్రమే ఇది. తమాషా ఏమిటంటే, కరెంటు పారుతున్నంతసేపు నిప్పు రాదు. ఆపినప్పుడే వస్తుంది.

ఆపే తలుపు పేరు పాయింట్లు. డిస్ట్రిబ్యూటరు మధ్యలో నాలుగు మూలల ఇరుసు ఒకటి, ఇంజను వేగంలో సగం వేగంతో తిరుగుతూ వుంటుంది. ప్రతి మూలా వచ్చి పాయింట్లను విడదీస్తుంది. విడిపోతున్న పాయింట్ల మధ్యనే కరెంటు దూకి వాటిని కాల్చెయ్యకుండా పక్కన కండెన్సరు కాపలా కాస్తుంది. దూకబోయే కరెంటును తనలో దాచుకుంటుంది. కాయిలులో పుట్టిన వేల వోల్టులను రోటరు అనే చిన్న చెయ్యి అందుకుని, నలుగురు పిల్లలకు అన్నం ముద్దలు పెట్టే తల్లిలా, నాలుగు ప్లగ్గులకూ వంతులవారీగా అందిస్తుంది.

ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతూ వుంటే ఈ తలుపు సెకనుకు 100 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఆ వేగంలో ఒక్క డిగ్రీ తేడా అంటే సెకనులో పద్దెనిమిది వేలవ వంతు! పాయింట్లూ కాయిలూ కలిసిన ఈ పద్ధతిని అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించగా, 1910 నాటికి కాడిలాక్ కార్లలోకి వచ్చింది. ఆ తరువాత ముప్పావు శతాబ్దం పాటు లోకంలోని పెట్రోలు కార్లలో అధికభాగం దీనిమీదనే నడిచాయి. మన అంబాసిడర్ కూడా ఆ కుదురులోనిదే. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై హిందుస్థాన్ మోటార్స్‌వారు బెంగాలులోని ఉత్తరపాడాలో 1950ల చివర మొదలుపెట్టి, 2014 వరకు ఆ కారును తయారు చేశారు. మా కారుది 1,489 సి.సి. ఇంజను. దానికి కావలసిన నిప్పు సామాను కూడా మన దేశంలోనే తయారయ్యేది. 1951లో బెంగుళూరులో మొదలైన మైకో కంపెనీ ప్లగ్గులు చేసింది. 1961లో మద్రాసులో మొదలైన లూకాస్-టి.వి.ఎస్. కంపెనీ కారు కరెంటు సామాను చేసింది.

ఆడవాళ్ళకు ఈ పనులెందుకని మా పెద్దత్తయ్య సణిగింది. ఆవిడకు బెర్తా బెంజ్ కథ చెప్పాను. కారు కనిపెట్టిన కార్ల్ బెంజ్ భార్య ఆవిడ. 1888 ఆగస్టులో భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్‌జైమ్‌లోని పుట్టింటికి బయలుదేరింది. దారిలో పెట్రోలు గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి బాగు చేసిందనీ, నిప్పు తీగ మీది తొడుగు అరిగిపోతే మేజోడు పట్టీ చుట్టి కరెంటు పారిపోకుండా చూసిందనీ చెప్తారు. మొదటి దూరప్రయాణంలోనే నిప్పు తీగ మొరాయించింది. దాన్ని సరిచేసింది ఒక గృహిణి. పెద్దత్తయ్య ఆ తరువాత మాకు కాఫీలు పంపింది.

బొటనవేలి పరీక్ష

కొత్తగా కట్టిన ఇంజనుకు ఒక చిక్కు వున్నది. నడుస్తున్న ఇంజనుకు పాయింట్లు మార్చేటప్పుడు పాత గుర్తులు ఎక్కడివక్కడే వుంటాయి. అంతా విప్పి తిరిగి కట్టిన ఇంజనుకు ఏ గుర్తునూ నమ్మడానికి వీలులేదు. పిస్టను పైకొసకు రెండు చుట్లలో రెండుసార్లు వస్తుందని చెప్పాను గదా! ఒకసారి నొక్కి వస్తుంది, ఇంకొకసారి పొగ తోలి వస్తుంది. ముందరి కప్పీ మీద గీత రెండుసార్లూ ఒకే చోటికి వస్తుంది. పొగ తోలి వచ్చినప్పుడు చూసి డిస్ట్రిబ్యూటరు బిగిస్తే అన్నీ సరిగ్గానే వున్నట్లు కనిపిస్తుంది గాని, నిప్పు ఒక పూర్తి చుట్టు తేడాలో పడుతుంది. ఇంజను కార్బురేటరులోంచి తుమ్ముతుంది, సైలెన్సరులోంచి పటాసులు కాలుస్తుంది, నడవదు.

మేస్త్రీగారు ముందు బాటరీ తీగ విప్పించారు. నాలుగు ప్లగ్గులూ తీయించారు. ఇప్పుడు ఇంజనులో నొక్కే బలమూ లేదు, నిప్పూ లేదు. హాండిలుతో నిర్భయంగా తిప్పవచ్చు. అయినా నాన్నగారు హాండిలు పట్టుకోగానే అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆయన బొటనవేలిని తీసి నాలుగు వేళ్ళ పక్కన చేర్చి ఆవిడకు చూపించారు.

ఒకటో నంబరు సిలిండరు రేడియేటరు వైపుది. మా అన్నయ్య కొడుకు, పదేళ్ళవాడు, ఆ ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు వుంచాడు. నాన్నగారు మెల్లగా తిప్పారు. మొదటి చుట్టులో ఏమీ లేదు. రెండో చుట్టులో —

“అత్తా! లోపలినుంచి ఎవరో వేలు నెట్టేస్తున్నారు!” అని అరిచాడు.

అదే నొక్కే అడుగు. అక్కడినుంచి కప్పీ మీది గీత సూచికకు ఎదురుగా వచ్చేదాకా చీమ నడకన తిప్పించారు మేస్త్రీగారు. ఇంకొక సాక్ష్యం కూడా చూపించారు. వాల్వుల మీది మూత తీస్తే, ఒకటో సిలిండరు వాల్వులు రెండూ మూసుకుని వదులుగా వున్నాయి. నాలుగో సిలిండరు వాల్వులు ఒకటి మూసుకోబోతూ, ఒకటి తెరుచుకోబోతూ తక్కెడ సిబ్బెల్లా వూగిసలాడుతున్నాయి. “బొటనవేలు ఒక సాక్షి, వాల్వులు ఇంకొక సాక్షి. ఇద్దరూ ఒకటే మాట చెప్తే తీర్పు ఇవ్వవచ్చు” అన్నారు. ప్లీడరుగారి ఇంట్లో పనిచేసిన మనిషి గదా!

తరువాత డిస్ట్రిబ్యూటరును తిప్పే చిన్న ఇరుసును పొడుగాటి బోల్టుకు తగిలించి ఇంజను పక్కనున్న రంధ్రంలోకి దింపాము. దాని పళ్ళు ఏటవాలుగా కోసి వుంటాయి. దిగుతూ దిగుతూ అది కాస్త తిరిగి కూర్చుంటుంది. ఆ తిరుగుడును లెక్కలో వేసుకుని కొంచెం వెనకగా పట్టి దింపాలి. మూడుసార్లు దింపాను, మూడోసారికి దాని తలమీది గాడి పుస్తకంలో చెప్పిన వాలుకు వచ్చింది. ఆ గాడి సరిగ్గా మధ్యలో వుండదు. ఒక పక్క పెద్దది, ఒక పక్క చిన్నది. అందువల్ల దానిమీద డిస్ట్రిబ్యూటరు ఒకే ఒక విధంగా కూర్చుంటుంది. తలుపుకు తాళం చెవిలా ఠక్కున అమరింది.

వెలగని దీపం

పాయింట్లు బిగించే పని పూర్తిగా నాకు వదిలారు. కొత్త పాయింట్ల మీద తుప్పు పట్టకుండా పూసిన జిడ్డును పెట్రోలు గుడ్డతో తుడిచాను. దాన్ని తుడవకపోతే కొత్త సామాను వేసి కూడా నిప్పు రాలేదని తల పట్టుకోవలసి వస్తుంది. ఇరుసు మూలలకు పిసరంత గ్రీజు, రోటరు కింద ఒక్క చుక్క నూనె. ఎక్కువైతే అది పాయింట్ల మీదికి చింది కొంప ముంచుతుంది. పాయింట్లను విడదీసే మడమ, ఇరుసు మూల శిఖరం మీద వున్నప్పుడు ఎడం కొలవాలి. ఫీలర్ గేజిలో అంగుళంలో వెయ్యింట 15 వంతులు, అంటే అయిదారు వెంట్రుకల మందం. రేకు కాస్త పట్టి వదిలినట్లు జారాలి. ప్లగ్గుల ఎడం వెయ్యింట 25 వంతులు.

మూత పెట్టి తీగలు తగిలించేటప్పుడు మేస్త్రీగారు నాచేత పైకి చెప్పించారు: ఒకటి, మూడు, నాలుగు, రెండు. సిలిండర్లు పేలే వరస అది. అంబాసిడర్‌లో రోటరు గడియారం ముల్లుకు ఎదురు దిక్కున తిరుగుతుంది గనుక, తీగలను కూడా ఆ దిక్కుగానే తగిలించాలి. దిక్కు మరిచినవారికి రెండూ మూడూ తారుమారవుతాయి. ఇంజను లేస్తే లేస్తుంది గాని కుంటుతుంది.

ఇక అసలు ఘట్టం. కప్పీని పుస్తకంలో చెప్పినన్ని డిగ్రీలు పైకొసకు ముందు నిలిపాము. రెండు తీగలు అతికిన 12 వోల్టుల చిన్న బల్బు తీసి ఒక కొన డిస్ట్రిబ్యూటరు పక్క బిళ్ళకూ, రెండో కొన ఇంజను శరీరానికీ తగిలించారు మేస్త్రీగారు. పాయింట్లు కలిసి వుంటే కరెంటు వాటిగుండా పారిపోతుంది గనుక బల్బు వెలగదు. అవి విడిపోయిన క్షణాన కరెంటుకు వేరే దారి లేక బల్బు వెలుగుతుంది. డిస్ట్రిబ్యూటరును రోటరు తిరిగే దిక్కుకు ఎదురుగా అతి నెమ్మదిగా తిప్పుతూ, బల్బు వెలిగీ వెలగనిచోట బిగిస్తే, నిప్పు పడే క్షణం అదే.

బాటరీ కలిపి, తాళం తిప్పాను. డిస్ట్రిబ్యూటరును మెల్లగా కదిలించాను. బల్బు వెలగలేదు. ఇంకొంచెం కదిలించాను. పాయింట్లు విడిపోవడం కంటికి కనిపిస్తూనే వుంది. బల్బు మాత్రం చీకటి.

“బల్బు పోయి వుంటుంది. అదంతా ఎందుకు, ఒకసారి సెల్ఫు కొట్టి చూద్దాం” అన్నారు నాన్నగారు. నాకూ చెయ్యి దురద పెట్టింది.

“వద్దయ్యగారూ!” అన్నారు మేస్త్రీగారు. ఆయన గొంతు అంత గట్టిగా పలకడం నేనెప్పుడూ వినలేదు. “ఇది కొత్తగా కట్టిన ఇంజను. నిప్పు లేకుండా తిప్పుతూ పోతే పెట్రోలు దిగి సిలిండర్ల గోడలమీది నూనె కడిగేస్తుంది. కొత్త రింగులు ఎండు గోడల మీద రాసుకుంటాయి. వేలకు వేలు పోసి చేయించిన బోరు అరగంటలో పాడవుతుంది. తప్పు ఎక్కడుందో ముందు చెప్పండి. ఆనక సెల్ఫు సంగతి.”

బల్బును తిన్నగా బాటరీకి తగిలించాను. వెలిగింది. బల్బుది తప్పు కాదు. కాయిలు నుంచి వచ్చే తీగను డిస్ట్రిబ్యూటరు నుంచి విప్పి, ఆ తీగ కొనకే బల్బు తగిలించాను. వెలిగింది. అంటే కరెంటు డిస్ట్రిబ్యూటరు గుమ్మందాకా క్షేమంగానే వస్తోంది. గుమ్మం దాటాకే ఎక్కడో పారిపోతోంది. విప్పి చూశాను.

తప్పు నాదే. కాయిలు నుంచి వచ్చే తీగ కొన, కండెన్సరు తీగ కొన — ఈ రెండూ పాయింట్ల స్ప్రింగును తాకాలి గాని, దాన్ని నిలబెట్టే లోహపు మేకును తాకరాదు. మధ్యలో కందిబద్దంత ప్లాస్టిక్ టోపీ ఒకటి అడ్డం వుంటుంది. దాన్ని నేను వరస తప్పి వేశాను. పాయింట్లు విడిపోయినా కరెంటు ఆ మేకుగుండా హాయిగా పారిపోతోంది. తలుపు వేసి కిటికీ తెరిచి పెట్టినట్లు! విప్పి, వరస సరిచేసి, మళ్ళీ కొలిచి బిగించాను. ఈసారి డిస్ట్రిబ్యూటరును కదిలించగానే బల్బు కళ్ళు తెరిచింది. వెనక్కు తిప్పితే ఆరింది. ముందుకు తెస్తే వెలిగింది. ఆ సరిహద్దు మీద బోల్టు బిగించాను.

బల్బు ఖరీదు కాఫీ ఖర్చంత వుండదు. ఆనాడు ఆ షెడ్డులోని మనిషి కూడా ఇలా ఒక దీపం పెట్టి చూసి వుంటే, మా తాతయ్యగారి దస్తూరి మాకు దక్కి వుండేది.

మొదటి పలుకు

ప్లగ్గులు పెట్టక ముందే, కాయిలు తీగ విప్పి వుంచి, ఆయిలు ప్రెషరు కనిపించేదాకా సెల్ఫుతో ఇంజనును వుత్తగా తిప్పాము. పెట్రోలు దారి ఇంకా మూసే వుంది గనుక దీనివల్ల నష్టం లేదు; నూనె మూలమూలకూ చేరుతుంది. ఆ తరువాత ప్లగ్గులు, తీగలు, పెట్రోలు. బాటరీ కొనలు సరిగ్గా వున్నాయో లేదో మేస్త్రీగారు మరోసారి చూసుకున్నారు. ఆ కాలపు ఇంగ్లీషు నమూనా కార్లు చాలావాటిలో ప్లస్ కొనను బాడీకి కలిపేవారు. ఈ సంగతి తెలియక ఈ కాలపు అలవాటు కొద్దీ తారుమారు చేసేవారు వుంటారు.

“అమ్మగారిని పిలవండి” అన్నారు.

అమ్మ వచ్చింది. హాండిలు ఎక్కడుందని అడిగింది. గోడ మేకుకు తగిలించి వుంది. తాళం తిప్పి సెల్ఫు లాగాను. రెండు తిరుగుళ్ళు. ఒక దగ్గు. అంతే, ఇంజను అందుకున్నది. తుమ్ము లేదు, పటాసు లేదు, వెనక్కు తన్నడం లేదు. ముప్పై ఏళ్ళుగా ఆ షెడ్డు వినని చప్పుడు. నాన్నగారు బానెట్టు మీద చెయ్యి వేసి మాట్లాడకుండా నిలబడ్డారు.

కాసేపు కొంచెం హుషారుగానే తిరగనిచ్చాము. తరువాత మేస్త్రీగారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కనకదుర్గ గుడి దగ్గరి ఫ్లైఓవరు ఎక్కించారు. బల్బు చెప్పేది ఇంజను నిలిచి వున్నప్పటి మాట. వేగం పెరిగినకొద్దీ నిప్పును ఇంకా ముందుకు జరపడానికి డిస్ట్రిబ్యూటరు లోపల చిన్న బరువులు, స్ప్రింగులు వున్నాయి. పక్కన గాలి పీడనంతో పనిచేసే డబ్బా ఒకటి వున్నది. అవి సరిగ్గా పనిచేస్తున్నాయా అన్నది రోడ్డు మీదే తేలాలి. ఎత్తు ఎక్కేటప్పుడు డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్లు గలగలమంటే నిప్పు మరీ ముందుగా పడుతోందన్నమాట. ఆ చప్పుడును లెక్కచెయ్యక నడిపితే పిస్టన్లు దెబ్బతింటాయి. బండి నీరసంగా, వేడెక్కుతూ, కాళ్ళీడుస్తూ వుంటే నిప్పు ఆలస్యమవుతోందన్నమాట. చెవి రిక్కించి విన్నాము. మొదట చాలా సన్నగా ఒక గలగల వినిపించింది. కిందికి దిగి, డిస్ట్రిబ్యూటరు పక్కనున్న చిన్న మరను పిసరంత వెనక్కు తిప్పాము. రెండోసారి ఎక్కితే ఇంజను చప్పుడు తప్ప వేరే చప్పుడు లేదు.

“అయిపోయిందనుకోకండి. కొత్త పాయింట్ల మడమ మొదట్లో తొందరగా అరుగుతుంది. ఎడం తగ్గుతుంది, నిప్పు ఆలస్యమవుతుంది. అయిదారు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ కొలవండి” అన్నారు మేస్త్రీగారు. ఇల్లు చేరగానే ఒక కాగితం తెప్పించుకుని అమ్మకు ఇచ్చారు. “నేను చెప్తాను, మీరు రాయండమ్మగారూ! పెద్దయ్యగారికి రాసిపెట్టిన చెయ్యి గదా!”

అమ్మ కళ్ళజోడు సవరించుకుని రాసింది. పాయింట్లు 15. ప్లగ్గులు 25. వరస ఒకటి-మూడు-నాలుగు-రెండు, గడియారానికి ఎదురు దిక్కు. బల్బుతో చూడనిదే సెల్ఫు కొట్టరాదు. కింద తేదీ వేసింది. ఆఖరున, ఎవరూ చెప్పకుండా, తనంతట తాను ఇంకొక వాక్యం చేర్చింది: “హాండిలు పట్టవలసి వస్తే బొటనవేలు పక్కన.”

మరుసటి ఆదివారం అమ్మా నాన్నగారూ గుడివాడ వెళ్ళి వచ్చారు. ఆ కాగితం ఇప్పుడు రేకు పెట్టెలో, తాతయ్యగారి వుత్తరాలతోపాటు వున్నది.